జోడీయేనా ఆయా?

కారు ఎక్కకముందే పైడితల్లి ఒక షరతు పెట్టింది. దారిలో ఎక్కడా ఆగకూడదు.

"ఘాట్ రోడ్డులో నాకు తల తిరిగితేనో అత్తా?" అంది అనూరాధ.

"తిరగనీ. నువ్వు మాత్రం ఆగకు."

అనూరాధ పైడితల్లి తమ్ముడి కూతురు. విజయనగరంలో బ్యాంకు ఉద్యోగం. కొత్తగా కారు కొని, దానికి కొండలు చూపించాలని ఉవ్విళ్ళూరుతున్న మనిషి. మేనత్తకు పాడేరు మోదకొండమ్మ దగ్గర మొక్కు ఉందని తెలియగానే నేను తీసుకెళ్తానంది. ఆమె లెక్కలో మొక్కు ఒక వంక. అరకులో కాఫీ తాగి, పసుపుపచ్చని వలిసె పూల మధ్య నిలబడి ఫొటో దిగడం అసలు పని. పైడితల్లి లెక్కలో అరకు అనే ఊరే లేదు. ఇల్లుంది, గుడి ఉంది, మధ్యలో ఆగకుండా పోవలసిన రోడ్డుంది.

ఆగడమంటే ఆమెకు భయం. బండి ఆగిన ప్రతిచోటా ఆమె మొగుడు మల్లేశు దిగిపోయేవాడు. పెళ్ళైన కొత్తలో బొబ్బిలి బస్టాండులో "సోడా తాగి ఇప్పుడే వత్తాను" అని దిగాడు. పైడితల్లి ట్రంకుపెట్టె మీద కూర్చుంది. ఎక్కవలసిన బస్సు పోయింది. దాని తరవాతదీ పోయింది. సోడాకొట్టువాడు తలుపు చెక్కలు పెట్టుకున్నాడు. ఊడ్చే ఆమె వచ్చి కాళ్ళు పైకెత్తమంది. మర్నాడు పొద్దెక్కాక మల్లేశు చొక్కా జేబు చింపుకుని వచ్చి, "ఇంకా ఇక్కడే ఉన్నావేటి?" అని ఆశ్చర్యపోయాడు. ఆ తరవాత పేక కోసం, కోళ్ళ కోసం, ఎక్కడో ఏదో పెద్ద ఆట పడిందన్న కబురు కోసం ఆ మనిషి వెళ్ళని ఊరు లేదు. ఎప్పుడు వెళ్ళినా "ఇప్పుడే వత్తాను" అనే వెళ్ళేవాడు. దుఃఖం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే పైడితల్లి ఏడుపు గురించి చెప్పదు, గుమ్మం గురించి చెబుతుంది.

అలాంటి మనిషి ఏడాది నుంచి ఇల్లు కదల్లేదు. రైలుగేటు అవతల ఉన్న పేకాట క్లబ్బుకు తాళం పడింది. ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. పైడితల్లి మోదకొండమ్మకు మొక్కుకుంది. ఈ మూడూ ఒకే వేసవిలో జరిగాయి. పైడితల్లి మొదటి రెండింటినీ లెక్కలోకి తీసుకోలేదు.

మొక్కు సూటిగానే ఉంది. నా మనిషి జూదం మానితే, ఏడాది తిరిగేసరికి మచ్చా గాయం లేని ఎర్ర డేగ కోడిని నీ దగ్గరకు తెస్తాను తల్లీ అని. మల్లేశు కూడా ఆమె నెత్తిమీద చెయ్యి పెట్టి, ఇంక పేక ముట్టను, కోడిని బరిలో దించనని ఒట్టు వేశాడు. ఏడాది తిరిగింది. నూకలూ, గంజీ, కోడలి కంటే ఎక్కువ మర్యాదా పెట్టి పెంచిన డేగ ఇప్పుడు కారు డిక్కీలో గంప కింద కూర్చుని ఉంది. దానికి దెబ్బ తగిలినా, అది దారిలో పోయినా మొక్కు తీరదు. మొక్కు తీరకపోతే మల్లేశు మళ్ళీ గుమ్మం దాటతాడు. ఈ వయసులో ఇంకోసారి ఆ గుమ్మంలో నిలబడే ఓపిక పైడితల్లికి లేదు.

అందుకే ఆగకూడదు.

శృంగవరపుకోట దాటాక ఘాట్‌లో అనూరాధ నోరెత్తలేదు. అరకులో కాఫీ కొట్ల బోర్డులు వచ్చినప్పుడు అద్దంలోంచి అత్త మొహం చూసి, యాక్సిలరేటర్ మీదే కోపం చూపించింది. ఆ తరవాత పాడేరు రోడ్డులో లింగాపుట్టు అనే చోట కారు ఆగింది. ఆపింది అనూరాధ కాదు. రోడ్డే ఆగిపోయింది. ముందు జీపులు, ఆటోలు, మేకలు, నెత్తిన అల్లం బస్తాలతో మనుషులు.

"సంత," అన్నాడు మల్లేశు ముందు సీట్లోంచి. అని వెంటనే కిటికీ వైపు నుంచి మొహం తిప్పేసుకున్నాడు.

ఎందుకు తిప్పుకున్నాడో పైడితల్లికి తెలుసు. రోడ్డుకు ఒక పక్క పసుపు, పిప్పళ్ళు, చీపుళ్ళు, ఎండుచేపలు అమ్ముతున్నారు. అవతలి పక్క ఎవరూ ఏమీ అమ్మడం లేదు, అయినా జనమంతా అక్కడే ఉన్నారు. గొడుగు కింద ఒకడు గుండాట పరిచాడు. టార్పాలిన్ నీడలో పేక. ఇంకొంచెం లోపల, చింతచెట్టు దగ్గర, గుండ్రంగా నిలబడ్డ వీపులు. ఆ వీపుల మధ్య నుంచి రెండు రెక్కలు టపటపమని పైకి లేచి కిందికి పోయాయి.

"అబ్బో, గోవాలాగే ఉంది," అంది అనూరాధ. "మా బ్యాంకువాళ్ళతో వెళ్ళినప్పుడు చూశాను అత్తా. ఓడలో పెట్టారు. క్యాసినో అంటారు."

"అంటే ఏటి?"

"ఊరు నిండా మా మామయ్యలే ఉంటే ఎలాగుంటుందో, అది."

"నవ్వకు గుంటా," అన్నాడు మల్లేశు. "నాను సూడ్డం లేదు. మీ అత్తనడుగు, సూత్తన్నానేమో."

"సూడ్డం లేదు," అని పైడితల్లి సాక్ష్యం చెప్పింది. ఆమె కళ్ళు ఆయన మెడ మీదే ఉన్నాయి.

అనూరాధ శృంగవరపుకోట నుంచి బిగపట్టుకుని ఉంది. బడి కనపడితే, అక్కడ బాత్రూము ఉంటుందని గబగబా పరిగెత్తింది. ఆమె అటు వెళ్ళగానే మల్లేశు కూడా తలుపు తెరిచాడు.

"ఎక్కడికి?"

"మనిషన్నాక ఉంటాది కదే. గుంట ముందు సెప్పలేకపోనాను. ఆ పొదల ఎనక్కెళ్ళి ఇప్పుడే వత్తాను."

ఆ మాట వినగానే పైడితల్లికి బొబ్బిలి బస్టాండు గుర్తొచ్చింది. కానీ ఏం చేస్తుంది? భార్య కాబట్టి చాలా వాటికి అడ్డుపడవచ్చు గానీ, దీనికి అడ్డుపడలేదు. ఆయన కుంటుకుంటూ పొదల వైపు వెళ్ళడం చూసింది. తెల్ల పంచె కనపడినంతసేపు చూసింది. తరవాత పంచె కనపడలేదు.

కాసేపయింది. ఇంకొంచెం అయింది. పంచె తిరిగి రాలేదు. డిక్కీలో కోడి రొప్పుతున్న శబ్దం వినిపించింది. ఎండకు చస్తుందేమోనని భయమేసి పైడితల్లి దిగి, కోడిని చంకన పెట్టుకుని, చెంబుతో నీళ్ళు పట్టుకుని నీడ కోసం చూసింది. నీడ ఉన్నది ఒక్క చింతచెట్టు కిందే. పైగా అక్కడి నుంచి పొదలు బాగా కనిపిస్తాయి. జనం వీపుల వెనక, దూరంగా, ఒక రాతి మీద కూర్చుని కోడిని ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు తాగించింది. కళ్ళు పొదల మీదే.

"ఆయా," అన్నారెవరో.

చూస్తే ఒక కొండమనిషి. ఆమె కొడుకు వయసుంటుంది. తలకు తువ్వాలు, చంకలో నల్లకోడి. ఆమెకు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నాను ఆయాను కాదు బాబూ. ఏ బడిలోనూ పని సెయ్యలేదు."

అతను నవ్వాడు. "మా బాసలో ఆయా అంటే అమ్మ. నా పేరు గాసి. ఆ మీదనుండేది మా ఊరు." ఆమె ఒళ్ళోని కోడిని చూశాడు. తన కోడిని చూసుకున్నాడు. "జోడీయేనా ఆయా?"

పైడితల్లి పొదల వైపే చూస్తోంది. తను అటు చూడటం గమనించి ఈ మనిషి అడుగుతున్నాడనుకుంది. ఆ వెళ్ళినాయనా నువ్వూ జోడీయేనా అని. పరాయి ఊరి మనిషి ఇంత ఆప్యాయంగా అడిగేసరికి ఆమె మనసు కరిగింది.

"జోడీయే నాయనా," అంది.

"బాగా కొట్లాడతాడా?"

"ఒకప్పుడు బాగా. ఇప్పుడు అణిగిపోనాడు. కుర్రతనంలో అయితే రాత్రుళ్ళు ఇంటికొచ్చేవోడే కాదు."

గాసి కోడి వంక గౌరవంగా చూశాడు. "పాత మొనగాడన్నమాట."

"మొనగాడే. ఇప్పుడు మోకాళ్ళు పోనాయి."

గాసి చెయ్యి చాపి డేగ కాళ్ళు తడిమి చూశాడు. రొమ్ము నొక్కాడు. ఎత్తి బరువు చూశాడు. కోడి నచ్చి ముద్దు చేస్తున్నాడనుకుని పైడితల్లి అడ్డు చెప్పలేదు.

"మోకాళ్ళు బాగానే ఉండాయి ఆయా. మరైతే ఎప్పుడు?"

"ఎప్పుడో నాకేటి తెలుసు? ఆడొచ్చీదాకా నానిక్కడే కూకుంటాను. నువ్వు అటెల్తే మీవోళ్ళకి సెప్పు. ఎవరికి కనపడినా ఇటు పంపమను."

"సెప్తాను," అని గాసి లేచి వీపుల మధ్యకు వెళ్ళాడు. మంచి కుర్రాడు అనుకుంది పైడితల్లి.

ఏజెన్సీ సంతల్లో రెండు కోళ్ళ ఎత్తూ బరువూ సరిపోతే జోడీ అంటారు. కోడిని ఒళ్ళో పెట్టుకున్న మనిషి "జోడీయే" అన్నాడంటే పందెం ఒప్పుకున్నట్టే. ఇంక కాగితం అక్కర్లేదు, సాక్షులక్కర్లేదు. పైడితల్లికి ఇదేమీ తెలియదు. మల్లేశుకు ఇదంతా తెలుసు. కానీ మల్లేశు అక్కడ లేడు.

గాసి తన మాట నిలబెట్టుకున్నాడు. అందరికీ చెప్పాడు. కాసేపటికి గుండ్రంగా ఉన్న వీపులు మొహాలుగా తిరిగి, పైడితల్లి కూర్చున్న రాతి చుట్టూ చేరాయి. వాళ్ళలో మెడలో ఈల వేసుకున్నవాడు బరి పెద్ద. అతని పక్కనున్నవాడి చేతిలో తోలుసంచి. సంచిలోంచి కోడికత్తులు తీసి తుడుస్తున్నాడు.

"లెగండమ్మా. మీ జోడీయే."

"దొరికాడా?" అంది పైడితల్లి ఆశగా. తరవాత కత్తిని చూసింది. తరవాత గాసి చంకలో నల్లకోడి కాలికి కట్టి ఉన్న ఇంకో కత్తిని చూసింది. ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చి, చివరిది అర్థమయ్యేసరికి ఆమె కోడిని రెండు చేతులతో గుండెకు హత్తుకుంది.

"నానలా అన్లేదు. నాను మా ముసిలోడి గురించి సెప్పాను."

జనం నవ్వారు. గాసి నవ్వలేదు. "జోడీయే అన్నావు కదా ఆయా. బాగా కొట్లాడతాడా అనీ అడిగినాను. మోకాళ్ళు కూడా సూసినాను."

"బాబూ, ఇది మోదకొండమ్మ తల్లి కోడి. పందెం కోడి కాదు."

ఈసారి నవ్వు ఇంకా పెద్దదయింది. "ఎనక్కి తగ్గీవోడి కోడి ఎప్పుడూ తల్లి కోడేనమ్మా," అన్నాడు బరి పెద్ద. "పోయిన సంతలో ఒకడు పోలమాంబ కోడన్నాడు. సాయంత్రానికి ఆడే కూరొండుకున్నాడు."

"కట్టిన కత్తి ఊరికే ఇప్పకూడదు ఆయా," అన్నాడు గాసి బతిమాలుతున్నట్టు. "ఇప్పితే ఈ నల్లోడు మరి దేనికీ పనికిరాడు. మాటన్నాక మాటే కదా."

అప్పుడు వచ్చాడు మల్లేశు. పొదల వైపు నుంచి కాదు, పూర్తిగా అవతలి పక్క నుంచి, చెమటలు కక్కుకుంటూ, మోకాళ్ళు పట్టుకుంటూ.

"ఎక్కడ సచ్చావయ్యా ఇంతసేపూ?"

"నేరుగా వత్తే ఈ బరి పక్కనుంచి రావాల. సూడకూడదని బడి ఎనక నుంచి, సెరువు గట్టు మీంచి సుట్టూ తిరిగొచ్చాను." ఆయన మాట్లాడుతూనే గుంపునూ, కత్తినీ, పెళ్ళాం గుండెల మీద కోడినీ చూశాడు. ముప్పై మాటల్లో చెప్పవలసింది ఆయనకు ఒక్క చూపులో అర్థమైంది. "ఓలమ్మో. పందెం కట్టీసినావేటే?"

"నాను కట్టలేదు."

"జోడీయే అన్నాదయ్యా," అన్నారు నలుగురైదుగురు.

మల్లేశు నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి ఆయన పడిన అవస్థ మాత్రం అందరికీ కనిపించింది. పైడితల్లి ఆయన్ని పక్కకు లాగింది. "ఎలాగైనా తప్పించు. ఈ కోడి పోకూడదు. దీనికి సిన్న గీత పడినా నాకు పనికిరాదు."

"తప్పించడం లేదే. మాటిచ్చీసినావు. ఇంక దించాలిసిందే."

"అయితే నువ్వు దించు. నీకు సేతనవును. దెబ్బ తగలకుండా బేగి గెలిపించి నా కోడిని నాకిచ్చీ."

మల్లేశు ఆమె మొహంలోకి చూశాడు. తరవాత రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "నాను దించను. నీ నెత్తి మీద ఒట్టేశాను."

"ఆ ఒట్టు నాను తీసేత్తన్నాను."

"ఏసినోడు నాను. నువ్వెలా తీత్తావు? నీ తలకేటైనా అయితే?"

"నా తలకేటైనా పర్లేదు, నా కోడికేటీ కాకూడదు."

"ఏడాది నుంచి ముట్టలేదే నాను. ఇవాళ నువ్వు సెడగొడతానంటే నాను సెడను."

ఆ క్షణంలో పైడితల్లికి తన జీవితంలో ఎన్నడూ రానంత కోపం వచ్చింది. బొబ్బిలిలో రాలేదు. జేబు చిరిగి వచ్చినప్పుడు రాలేదు. ఆ మనిషి ఇంత గట్టిగా నిలబడగలవాడైతే ఇన్నేళ్ళూ ఎందుకు నిలబడలేదు? నిలబడటానికి ఈ రోజే దొరికిందా?

అనూరాధ బడి నుంచి వచ్చేసరికి మామయ్య బరికి వీపు పెట్టి, చేతులు కట్టుకుని కొండలు చూస్తున్నాడు. అత్త బరిలో ఉంది.

"మామయ్యా, అత్త అక్కడ ఏం చేస్తోంది?"

"పందెమేత్తంది," అన్నాడు మల్లేశు. "నాను సూడ్డం లేదు. ఏటవుతుందో నువ్వు సెప్పు."

బరిలోకి ఆడమనిషి రావడమేమిటని ఒకరిద్దరు గొణిగారు. మల్లేశు వెనక్కి తిరక్కుండానే, "ఆడోళ్ళు ఒద్దని ఎక్కడుందిరా?" అని అడిగాడు. ఎక్కడుందో ఎవరికీ గుర్తు రాలేదు. కత్తి కట్టారు. గాసి ఎదురుగా నల్లకోడితో వంగాడు. పైడితల్లి చీరచెంగు బొడ్లో దోపి, కోడిని పట్టుకుని వంగింది.

"తోక పట్టుకున్నాదా?" అన్నాడు మల్లేశు కొండలతో.

"ఆఁ, తోకే," అంది అనూరాధ.

"తోక కాదని సెప్పు. రొమ్ము కింద ఒక సెయ్యి. నాను సెప్పానని సెప్పకు."

పైడితల్లి చెయ్యి మార్చింది. కోడి గుండె ఆమె అరచేతిలో కొట్టుకుంటోంది. మొదట అది కోడి గుండె. తరవాత ఏది కోడిదో ఏది తనదో తెలియలేదు. చుట్టూ మొహాలు, ఎండ, దుమ్ము వాసన, ఎవరో "డేగ మీద, డేగ మీద" అని అరుస్తున్నారు. తన డేగ మీద. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి తన కోడిని నమ్ముకుని అరుస్తున్నాడు. ఒక వింత సంగతి జరిగింది. మల్లేశు ఎక్కడున్నాడో ఆమె చూడలేదు. పెళ్ళైననాటి నుంచి, ఆయన ఎక్కడున్నాడన్న ఆలోచన లేకుండా గడిచిన ఘడియ ఆమెకు ఇదే. ఇలా ఉంటుందా ఇది, అనుకుంది. ఇంత తేలిగ్గా ఉంటుందా?

ఈల మోగింది. ఆమె వదిలింది.

నల్లకోడి మెడ ఈకలు నిక్కించుకుని ఒక అడుగు ముందుకు వేసింది. డేగ దాన్ని చూసింది. నూకలూ గంజీ తిని మర్యాదగా పెరిగిన కోడి అది. ఇలాంటి మొహం ఎప్పుడూ చూసి ఉండదు. వెనక్కి తిరిగి, బరి పెద్ద కాళ్ళ మధ్య నుంచి దూరి, ఎండుచేపల దుకాణం దాటి, ఆగి ఉన్న జీపు కిందికి పోయింది.

సంతంతా పగలబడి నవ్వింది. మేకలమ్మేవాడు కూడా నవ్వాడు.

"ఏటయింది?" అన్నాడు మల్లేశు.

"పారిపోయింది మామయ్యా."

"పారిపోతే ఓడిపోనట్టే," అన్నాడు. గొంతులో బాధ నిజమైనదే.

పారిపోయిన కోడి గెలిచినవాడిది. గాసి జీపు కింద నుంచి డేగను పట్టుకొచ్చి, కత్తి విప్పి చంకలో పెట్టుకున్నాడు. దానికి గీత కూడా పడలేదు. పైడితల్లి కారు దగ్గరకు వచ్చి డిక్కీ ఎత్తి, దాని అంచున కూలబడింది. మొక్కు పోయింది. ఇంక ఈయన వెళ్ళిపోతాడు. అని ఏడుద్దామనుకుంటే, చెవుల్లో ఆ నవ్వే వినిపించింది. పోతే పోయింది, ఒక్క దెబ్బైనా కొట్టి పోకూడదా అనే ఆలోచన ముందుకొచ్చి, మొక్కు వెనకపడింది. ఆ సంగతి తెలిసి ఆమె సిగ్గుపడింది.

గాసి ఆమె వెనకే వచ్చాడు. ఓదార్చడానికే వచ్చి ఉంటాడు. "బాధపడకు ఆయా, కొన్ని కోళ్ళంతే" అని మొదలుపెట్టి, డిక్కీలోకి చూసి ఆగిపోయాడు. పళ్ళెంలో ఎర్రంచు పసుపుచీర, ఆకుపచ్చ గాజులు, పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు, వేపమండలు. పక్కనే బోర్లించిన ఖాళీ గంప.

"నిజంగానే తల్లి కోడా?"

"నాను సెప్పలేదా?"

గాసి చంకలో కోడి ఒక్కసారిగా నిప్పులా కాలినట్టు దాన్ని దూరంగా, రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "తల్లి కోడితో పందెమాడీసినాను. మా ఆడోళ్ళకి తెలిస్తే ఇంట్లోకి రానివ్వరు."

"నాకిచ్చీ నాయనా. నాను ఇచ్చుకుంటాను తల్లికి."

గాసి ఇవ్వబోయాడు. అంతలో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గెలిచిన కోడిని ఓడినవాడికి తిరిగిస్తే గెలుపు కూడా దాంతో పోతుందట. నల్లోడు మళ్ళీ గెలవడట. ఇచ్చినా కష్టమే, ఉంచుకున్నా కష్టమే. కాసేపు నిలబడి ఆలోచించి, "నానే పట్టుకెళ్ళి ఇస్తాను," అన్నాడు. "మీరెల్లేది అక్కడికే కదా. నన్నెక్కించుకోండి."

అలా కారు లింగాపుట్టు నుంచి కదిలేసరికి వెనక సీట్లో పైడితల్లి, గాసి, వాళ్ళ మధ్య రెండు కోళ్ళు ఉన్నాయి. ఏసీ గాలి తగలగానే నల్లకోడి కొక్కొరొకో అంది. అనూరాధ కొత్త సీటు కవరు వంక అద్దంలో చూసి కళ్ళు మూసుకోబోయి, ఘాట్ రోడ్డని గుర్తొచ్చి మానుకుంది.

"దీనికేటెడతావు?" అన్నాడు మల్లేశు ముందుకే చూస్తూ.

"సోళ్ళ గింజలు. సంత ముందు రోజు మాత్రం ఉడకేసిన గుడ్డు."

"పచ్చసొనా?"

"తెల్లది."

"ఊఁ," అన్నాడు మల్లేశు. పాడేరు వచ్చేదాకా ఇంకేమీ అడగలేదు. ఏడాది పట్టుదలలోంచి ఆ రెండు ప్రశ్నలే ఖర్చుపెట్టాడు. పైడితల్లి రెండూ విన్నది. మామూలుగా అయితే ఆ రాత్రంతా నిద్రపోయేది కాదు. ఇప్పుడు మాత్రం, తెల్లది ఎందుకో తెలుసుకోవాలని ఆమెకే అనిపించింది.

గుడి దగ్గర జనం పెద్దగా లేరు. చీర, గాజులు, కొబ్బరికాయలు పైడితల్లి ఇచ్చింది. కోడిని గాసి పట్టుకున్నాడు.

"కోడి ఎవరి పేరున?" అన్నాడు పూజారి.

"నా పే..." అనబోయింది పైడితల్లి.

"నా పేరున," అన్నాడు గాసి. అబద్ధమాడే మనిషి కాదు. "గాసి. గెలుచుకున్నది నానే."

"ఏం మొక్కు?"

గాసి కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, పక్కవాళ్ళకు కూడా వినపడేలా చెప్పుకున్నాడు. "తల్లీ, తెలీక తప్పు సేసినాను, కాయి. వచ్చే సంతలో కూడా నా నల్లోడే గెలవాల. ఆ పై సంతలో కూడా."

ఏడాదంతా నూకలు పోసి, జూదం మాన్పించినందుకు పెంచిన కోడి, జూదం గెలిపించమని తల్లి ఒడి చేరింది. పైడితల్లి చేతులు జోడించి నిలబడే ఉంది. తల్లీ ఆడి మాట వినకు, ఆ కోడి నాదే, అని మనసులో అంది. ఆ వెంటనే, ఆ మంచి కుర్రాడికి చెడు కోరుకున్నానేమోనని భయమేసి, వాడి మాట కూడా కాస్త విను, అంది.

గాసి నల్లకోడిని చంకన పెట్టుకుని, మల్లేశుకు దణ్ణం పెట్టి, పైడితల్లి కాళ్ళకు మొక్కి, కొండ జీపు దొరుకుతుందేమోనని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మల్లేశును సంతకు రమ్మని పిలవకపోలేదు. మల్లేశు చేతులు వెనక్కి కట్టుకుని, తల అడ్డంగా ఊపాడు.

మెట్ల మీద కూర్చున్నాక పైడితల్లి అడిగింది. "ఇప్పుడు నా మొక్కు తీరినట్టా, తీరనట్టా?"

అడగడానికి ఇంతకంటే తగిన మనిషి లేడు. మల్లేశు మోకాళ్ళు రుద్దుకుంటూ న్యాయంగా ఆలోచించాడు. "గెలిచినోడిదే కోడి. ఇచ్చింది ఆడే, మొక్కిందీ ఆడే. నీది నీకు అలాగే ఉండిపోయింది."

"అంటే మళ్ళీ రావాల."

"రావాల. అంతవరకూ నానెక్కడికీ ఎల్లలేను కదా. ఒట్టు ఉంది, మొక్కూ ఉంది." ఆయన మొహంలో వెక్కిరింపేమైనా ఉందేమోనని ఆమె వెతికింది. దొరకలేదు. నిజంగానే చెబుతున్నాడు. "ఇంటికెళ్ళాక ఇంకో పిల్లను తెచ్చి పెంచుదాం. డేగే కదా కావాలి?"

కిందనున్న కారు తలుపులన్నీ తెరిచి అనూరాధ ఈకలు దులుపుతోంది.

"రంగు ఏదైతేనేటి," అంది పైడితల్లి. "ఈసారి కాస్త నిలబడేదాన్ని సూడు."

అన్నాక గాని తను ఏమందో ఆమెకు వినిపించలేదు. తల్లి దగ్గరకు తెచ్చే కోడికి నిలబడటంతో పనేమిటని మల్లేశు అడగలేదు. ఆమె వంక చూశాడు. ఆ తరవాత, ఎందుకైనా మంచిదని, ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుని మెట్లు దింపాడు.